తాడే తెలిసిన ఇద్దరం

పొయ్యి మండని ఇంట్లో పొద్దున్నే లేస్తే చేతులకు ఏం పని చెప్పాలో తెలియదు. నా భర్త పోయిన తర్వాత నాకు మొదట తెలిసొచ్చింది ఇదే. చావు గురించి చాలా చదివి ఉన్నాను. అనంతపురంలో కాలేజీకి వెళ్లిన రోజుల్లో గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. పెళ్లయి కంబదూరు దగ్గరి ఈ పల్లెకు వచ్చేటప్పుడు పెట్టె నిండా పుస్తకాలు తెచ్చుకున్నాను. వాటిలో దుఃఖం గురించి మంచి వాక్యాలు ఉన్నాయి. కానీ అలవాటు కొద్దీ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, అక్కడ తడి బూడిద మరక తప్ప ఏమీ లేక వాకిట్లోకి వచ్చి, కాసేపటికి మళ్లీ పొయ్యి దగ్గరికే వెళ్లడం గురించి ఎవరూ రాయలేదు.

మా అత్తవారిది గొర్రెలు కాచుకుంటూ సేద్యం చేసుకునే ఇల్లు. ఆ ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. మనిషి పోయిన రోజే పొయ్యిలో నీళ్లు పోసి ఆర్పేస్తారు. దినం నాడు చేలో కొత్త నిప్పు పుట్టించి, దాన్ని పెంకులో ఇంటికి తెచ్చి పొయ్యి ముట్టించేదాకా ఇంట్లో వంట లేదు. చేలో పని కూడా లేదు. ఎద్దుల మెడ మీద కాడి పెట్టకూడదు, విత్తనం తాకకూడదు. ఆ నిప్పు అగ్గిపుల్లతో గీసింది కాకూడదు. చేలో నిలువునా ఎండిన రెండు కట్టెల్ని ఒకదానిమీద ఒకటి రాపాడించి తీయాలి. ఆ ఇంటి చేతులే తీయాలి. పక్కింటివాళ్లు చూడొచ్చు గానీ చెయ్యి వేయకూడదు.

నిప్పు తీయడం నాకు కొత్త కాదు. ఏటా గొర్రెలకు పూజ చేసే రోజున కూడా అట్లాగే తీసేవాళ్లం, ఆ నిప్పు మీద గొర్రెపాలు పొంగించేవాళ్లం. అడుగున ఎండు జిల్లేడు కట్టె, బొటనవేలికంటే లావుది. దానికి ఒక చిన్న గుంట, గుంట పక్కన ఒక గాటు. గుంటలో బందారు పుల్లను నిలువుగా నిలబెడతారు. బందారు ఆకు మా వైపు పందిళ్ల మీద వేస్తారు. దాని పుల్ల సన్నగా, తిన్నగా, గట్టిగా ఉంటుంది. పుల్లకు మేకవెంట్రుకల తాడు రెండు చుట్లు చుట్టి, మజ్జిగ చిలికినట్టు ఈ కొసా ఆ కొసా లాగాలి. ఆ పని ఆడవాళ్లది, కవ్వం చిలికే చేతులు కాబట్టి. పుల్ల తల మీద కొబ్బరిచిప్ప బోర్లించి పైనుంచి ఒత్తి పట్టుకునే పని మగవాళ్లది. పుల్ల తిరిగి తిరిగి జిల్లేడులోంచి నల్లటి పొడి రాలుతుంది. గాటులో పేరుకున్న ఆ పొడే నిప్పవుతుంది.

పెళ్లయిన ఏటి నుంచీ నేను తాడు లాగాను, ఆయన చిప్ప ఒత్తాడు. యజ్ఞాలకు నిప్పు తీసే పద్ధతి గురించి ఒక పుస్తకంలో చదివి ఒకసారి ఆయనకు చెప్పాను. ఏ కట్టె మీద ఏ కట్టె తిప్పాలో అందులో ఉంది. ఆయన విని, "చేతులు నొప్పి పుడతాయని రాసినారా దాంట్లో?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే రాసినోడు తీయలేదు" అన్నాడు.

ఇదంతా డెబ్బైల చివరి ఏళ్లలో మాట. ఆ ఏడు ముంగారు వానలు, అంటే తొలకరి, రాలేదు. చేను దున్ని పెట్టుకుని జనం ఆకాశం చూస్తూ ఉండగా ఆయనకు కామెర్లు వచ్చాయి. గొర్రెల్ని బంధువుల మందలో కలిపేశాం. జ్వరంలో కూడా ఆయన అరుగు మీద కూర్చుని విత్తనం వేరుశనగకాయలు వొలిచేవాడు. వద్దంటే, "వాన వచ్చినాక వొలుస్తామా? వచ్చినాక విత్తల్ల" అనేవాడు. గింజలన్నీ వొలవడం పూర్తయింది, బస్తాలో పోసి మూతి కుట్టింది మా అత్త. ఆ తర్వాత ఎక్కువ రోజులు ఆయన లేడు.

ఇంట్లో మిగిలింది మా అత్త, నేను. మాకు పిల్లలు లేరు.

దినం ముందు సాయంత్రం వాన పడింది. మామూలు వాన కాదు. వాకిలి నిండి గడప దాకా వచ్చింది. వీధిలో జనం కేకలు వేసుకుంటూ బయటికి పరుగెత్తడం వినిపించింది. మాకు సంగటి తెచ్చిన పక్కింటామె తడిసిన చీరతో గడప దగ్గర నిలబడి, ముఖం దిగులుగా పెట్టుకోవాలని చూసింది. ఆమె వల్ల కాలేదు. నోరు దానంతటదే విచ్చుకుంటూ ఉంది. "వాన పడిందమ్మా" అని చెప్పేసి, ఏదో తప్పు చేసినట్టు గబగబా వెళ్లిపోయింది. నాకు కోపం రాలేదు. నేను కూడా ఆ మట్టి వాసనను గట్టిగా పీల్చాను. వెంటనే లేచి ఆ కొట్టం నుంచి ఈ కొట్టానికి తిరగడం మొదలుపెట్టాను. బస్తా ముట్టుకోకూడదు. చూశాను.

వొలిచిన గింజ నిలవదు. పురుగు పడుతుంది, లేదా మొలక చచ్చిపోతుంది. ఈ పదునులో, నేలలో తడి ఉండగానే, విత్తకపోతే ఆ బస్తా గొడ్లకు తప్ప దేనికీ పనికిరాదు. చేను ఏడాదంతా బీడు. మా ఎర్రనేలలో ఎంత వాన పడినా పదును నిలిచేది రెండు పొద్దులు, మబ్బు పడితే మూడు. ఆ రెండు పొద్దుల్లో ముందు నిప్పు పుట్టాలి.

పొద్దున్నే అత్తతో అన్నాను, "కట్టెల మూట దించనా?"

ఆయన నిప్పు కట్టెలు పొయ్యికి పైన దూలం సందులో, పాత గుడ్డ చుట్టి ఉండేవి. అవి తండ్రి నుంచి ఆయనకు వచ్చినవి. ఏళ్ల తరబడి పొగ తగిలి ఎముకల్లా ఎండినవి.

"లేవు" అంది అత్త.

"లేవంటే?"

"వానితో పంపిస్తి."

ఆయన్ను పూడ్చిన గుంతలో ఆయన గొంగళి, చేతికర్ర పెట్టడం నేను చూశాను. గుడ్డ మూట కూడా చూశాను. అది ఆయన ఆకూవక్కల సంచి అనుకున్నాను.

"అత్తా, అవి నిప్పు కట్టెలు గదా."

"తెలుసు లేమ్మా. నీ మాదిరి సదువు లేకపోయె గానీ ముట్టుకుంటే తెలీదా నాకు? కొడుకుంటే కొడుక్కిస్తాం. లేనప్పుడు వానివి వానికే. నిప్పు లేకుంటే వాడు ఆడ ఏం చేస్తాడు?"

"మరి మనం?"

"మనకేమి? ఇద్దరం ఉండాం గదా. చేలో కట్టెలకు కరువా?"

తాడు మాత్రం ఉంది. తాడు ఆడవాళ్ల దగ్గర, కవ్వం పక్కన ఉంటుంది కాబట్టి.

మా చేను ఊరికి దూరం కాదు. ఎండిన జిల్లేడు మొక్కలు గట్టు మీద ఎన్నో ఉన్నాయి, కానీ జిల్లేడు లోపల బెండులా మెత్తగా ఉంటుంది, రాత్రి వాన మొత్తం తాగేసింది. పిండితే నీళ్లు కారాయి. బందారు పుల్ల గట్టిది కాబట్టి అంత తడవలేదు. ఉన్నవాటిలో తక్కువ తడిసిన కట్టె ఏరి, గాటు పెట్టి, నేల మీద ఈత చాప పరిచి కూర్చున్నాం. అక్కడ ఒక చిన్న సంగతి జరిగింది. నేను తాడు చేతిలోకి తీసుకున్నాను. అదే సమయంలో అత్త కూడా తాడు రెండో కొస పట్టుకుంది. ఇద్దరం ఒకే పక్క కూర్చుని ఉన్నాం. ఎదుటి పక్క చాప ఖాళీగా ఉంది.

"నువ్వు ఒత్తు" అంది.

"నాకు ఒత్తడం తెలీదత్తా. నువ్వు ఒత్తు, నేను లాగుతా."

"నాకు మటుకు తెలుసా? మీ మామ ఉన్నన్నాళ్లు నేను లాగేదే గదా పని. ఆపైన నువ్వు వచ్చి లాగితివి."

చిప్ప నేల మీద ఉంది. ఇద్దరం దాన్ని చూశాం. మా ఇద్దరి చేతుల మీదా లెక్కలేనన్ని సార్లు నిప్పు పుట్టి ఉంటుంది. ఇద్దరికీ తెలిసింది ఒకే సగం. మిగతా సగం ఎదురుగా కూర్చున్న మగవాళ్ల చేతుల్లో ఉండేది. మేం తాడు చూసుకున్నాం గానీ ఆ చేతుల్ని చూడలేదు.

అత్త వెళ్లి ఎదుటి పక్క కూర్చుంది. ఆ పొద్దంతా లాగాం. తడి కట్టె కీచుమంది, ఆవిరి వచ్చింది, పొగ రాలేదు. గుంట పెద్దదై కట్టె చీలింది. ఇంకో కట్టె, ఇంకో గుంట. నేను మాటిమాటికీ లేచి చేలోకి వెళ్లి కాలివేలితో మట్టి గీరి చూసేదాన్ని. అడుగున ముదురుగా, పదునుగా ఉంది. మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. మళ్లీ లేచేదాన్ని.

"ఒకచోట కూసోవేమే!" అంది అత్త. "నువ్వు లేసినప్పుడల్లా పుల్ల సల్లగయితాండాది."

"వేడెక్కిందెప్పుడు, చల్లబడడానికి?"

"నోరు మటుకు బాగా వేడిగుండాది."

మధ్యాహ్నం దాటాక మా మరిది గట్టు మీదికి వచ్చాడు. మా మామగారి తమ్ముడి కొడుకు. ఊళ్లో మాకు ఎద్దులు ఇచ్చేది అతనే. పొద్దుట్నుంచీ తన చేలో విత్తనం వేస్తూ ఉన్నాడు. మోకాళ్ల దాకా మట్టి.

"వదినా, అయిందా?"

"లేదప్పా."

అతను చీలిన కట్టెల వైపు చూశాడు. తర్వాత జేబు తట్టి, "పెద్దమ్మా, ఈడ అగ్గిపెట్టె ఉండాది. గట్టు మీద పెట్టి నేను ఆ పక్కకి తిరుక్కుంటా. ఎవురు సూస్తాండారు?" అన్నాడు.

"నువ్వు తిరుక్కుంటే సాలా? నా కండ్లు యాడ పెట్టల్ల?" అంది అత్త.

"అది గాదు పెద్దమ్మా. రేపు ఎద్దులు మీకే. ఎల్లుండికి మా మామ చేనికని మాటిచ్చినా, తప్పేదానికి లేదు. ఈ నేల సంగతి నీకు నేను చెప్పల్లనా? రేపు సందేళకి పదును పోతాది. అన్న వొలిచి పెట్టిన విత్తనం అట్లే ఉండిపోతాది."

"పోతే పోనీ."

ఆమె అట్లా అన్నదే గానీ చిప్ప వదల్లేదు.

నాకు ఆచారాల మీద అంత పట్టింపు లేదు. ఆ పెట్టె తీసుకుని గీసేయాలని ఒక్క క్షణం నా చెయ్యి లేచిన మాట నిజం. కానీ అగ్గిపుల్లతో ముట్టించిన పొయ్యి మీద మా అత్త అన్నం వండదు, వండినా తినదు. అది నాకు తెలుసు. ఇంకొకటి కూడా ఉంది. ఆయన ఒత్తేవాడు, నేను లాగేదాన్ని. ఆ పనిలో నా సగం నాకు బాగా వచ్చు. అది ఎందుకూ పనికిరాదని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

సాయంత్రం అత్తను ఇంటికి పంపించి నేను చేను చుట్టూ తిరిగాను. ఇంట్లో కూర్చోలేక తిరిగాను, కట్టె కోసమనే కాదు. చేనికి పైవైపు మిట్ట మీద నాలుగైదు పెద్ద రాతిగుండ్లు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి. ఎండ ఎక్కువైనప్పుడు ఆయన గొర్రెల్ని వాటి కిందికి తోలేవాడు. నేను సద్ది తీసుకుని అక్కడికే వెళ్లేదాన్ని. పైగుండు గొడుగులా ముందుకు వచ్చి ఉంటుంది. లోపలికి వంగి చూశాను. నేల పొడిగా ఉంది. ఎన్నో ఏళ్ల గొర్రెల పెంట ఎండి, తొక్కుడు పడి, పొడి పొడిగా ఉంది. గుండుకీ గుండుకీ మధ్య సందులో ఒక జిల్లేడు మొక్క మొలిచి ఎప్పుడో చచ్చిపోయింది. నీళ్లు లేక చచ్చిందేమో. దాని మీద రాత్రి వాన ఒక్క చుక్క కూడా పడలేదు. వంచితే టక్కున విరిగింది.

వాన పడని చోట చచ్చిన మొక్క. నేను ఎదురుచూస్తున్నది అదే. మొత్తం జిల్లా వాన పడిందని సంబరపడుతుంటే నేను ఎండు కట్టె చూసి సంతోషపడ్డాను.

మర్నాడు తెల్లవారగానే ఇద్దరం గుండు కిందికి వెళ్లాం. ఆచారం ప్రకారం చేను నడుమ కూర్చోవాలి. అత్త మాత్రం, "గుండు మటుకు ఎవురిది? మన చేన్లోదే గదా" అని వంగి లోపలికి వచ్చింది. కింద మరిది ఎద్దుల్ని తోలుకొచ్చి వేపచెట్టుకు కట్టాడు. విత్తనం వేసే గొర్రు దించి పక్కన పెట్టాడు. తానూ కూర్చున్నాడు. మా వైపు చూడకూడదని అనుకున్నట్టున్నాడు, ఎద్దుల్ని చూస్తూ కూర్చున్నాడు.

కట్టె ఎండినదే. అయినా నిప్పు రాలేదు.

అత్త మొదటి నుంచే బలమంతా పెట్టి ఒత్తింది. పుల్ల బిగుసుకుని తిరగలేదు, తిరిగితే కీచుమని అరిచింది. తీసి చూస్తే గుంట నున్నగా, నల్లగా, గాజుముక్కలా మెరుస్తోంది. పొడి లేదు. గరుకు ఇసుక నాలుగు రేణువులు వేసి ఆ నునుపు పోగొట్టాం. మళ్లీ అంతే.

"నీకు లాగేది రాదు" అంది.

"లాగడం నాకు వచ్చు. నీకు ఒత్తడం రాదు."

"నాకు ఎవురు నేర్పిచ్చినారు? మీ మామ నేర్పిచ్చినాడా? తాడిచ్చి కూసోబెట్టినాడు. నేనేమన్నా ఆయప్ప చేతులు పట్టుకొని సూస్తినా?"

పక్కలు మారాం. నేను ఒత్తాను, ఆమె లాగింది. నేను భయపడి తేలిగ్గా పట్టుకున్నాను. పుల్ల బాగా తిరిగింది, లేత గోధుమరంగు పొడి రాలింది, ముట్టుకుంటే చల్లగా ఉంది. నా అరచేతిలో బొబ్బ లేచి చితికింది. గుండు నీడలోంచి చూస్తే చేను రంగు మారుతోంది. పొద్దున ముదురు ఎరుపుగా ఉన్న నేల, మిట్ట వైపు నుంచి పాలిపోతూ కిందికి దిగుతోంది. గాలి కూడా మొదలైంది. నాకు కూర్చోవడం కష్టమైంది. లేచి రెండడుగులు వేసి తల గుండుకు కొట్టుకున్నాను.

అత్త నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతున్నానని తెలిసి ఆపేసింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది.

"వాడు ఒత్తేటప్పుడు ఏం చేస్తాండె? నువ్వు ఎదురుగా కూసుంటివి గదా."

"ఏం చేసేవాడు... మాట్లాడేవాడు."

"ఏం మాట్లాడె?"

"ఏదో ఒకటి. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో. నా పుస్తకాల మీద ఎగతాళి. పెళ్లిలో మా మేనమామ పంచె ఊడిపోయింది చూడు, అది ప్రతి ఏడూ చెప్పేవాడు."

"ఆపైన?"

"ఆపైన మాట్లాడడు."

చెప్పాక ఆగిపోయాను. మాట్లాడేవాడు కాదు. ప్రతిసారీ, ఏదో మాట సగంలో ఉండగానే ఆయన నోరు మూతపడేది. నిప్పు వచ్చేదాకా మళ్లీ తెరిచేవాడు కాదు. అది భక్తి అనుకునేదాన్ని. దేవుడి పని కదా, చివరికి వచ్చేసరికి మనసు నిలుపుకుంటాడు అనుకునేదాన్ని. ఆ మౌనం నాకు నచ్చేది కూడా. దాని గురించి మనసులో చాలా పెద్దగా ఊహించుకున్నాను. బలమంతా పెట్టి ఒత్తే మనిషి మాట్లాడలేడు. అంతే. మాట్లాడినంతసేపూ తేలిగ్గా పట్టుకున్నాడు, మాట ఆగిన చోట బరువు వేశాడు. తాడు కూడా అప్పుడే నా చేతిలో బరువెక్కేది. నేను అలిసిపోయాననుకునేదాన్ని.

ఇది అత్తకు చెప్పాను. ఆమె చిప్పను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"మీ మామ పదమెత్తుకుంటాండె" అంది. "సగంలో ఇడిసిపెడతాండె. ఎప్పుడూ ఆడికే. పదం మరిసిపోయినాడు పాపం అనుకుంటి. ఒకసారి ఇంటికి పోయినాక మిగతాది నేనే పాడి ఇనిపిచ్చినా, నేర్సుకుంటాడేమో అని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? ఇన్నాడు."

ఆమె ఎదుటి పక్కకు వెళ్లి కూర్చుంది. నేను జిల్లేడు కట్టెకు కొత్త గుంట తవ్వి, గాటు పెట్టి, తాడు చుట్టాను.

"మాట్లాడు అత్తా."

"ఏం మాట్లాడల్ల?"

"ఏదైనా. నన్ను తిట్టు."

"ఆ, దానికేమి, ఉండాది కావల్సినంత." చిప్ప పెట్టింది. నేను లాగడం మొదలుపెట్టాను. "మొదటి దినమే బిందె పగలగొడితివి. ఇత్తడి బిందె పగలదనుకుంటి, నువ్వు దానికీ సొట్ట తెస్తివి. సంగటి కెలకమని చెప్పి నేను పేడకి పోతే, బుక్కు సదువుకుంటా కూసుంటివి. ఇల్లంతా మాడు వాసన. వాడొచ్చి అదే తినె. బాగుండాది, పొగ వాసనుండాది అనె. పొగ వాసనంట! నేనొండింది ఒక్కనాడన్నా బాగుందని అన్నాడా వాడు?..."

పుల్ల తేలిగ్గా తిరుగుతోంది. గోధుమరంగు పొడి గాటులోకి రాలింది. తర్వాత ముదురు రంగు. తాడు వేగం పెంచాను. ఆమె ఇంకా తిడుతూనే ఉంది. నేను చేలో నడిచే తీరు, పాలు పితికేటప్పుడు మేక నన్ను చూసే తీరు. సన్నగా, ఉందో లేదో అన్నట్టు, ఒక పొగ పోగు లేచింది.

"ఇంక ఆపత్తా."

ఆమె నోరు మూసుకుంది. వెంటనే తాడు నా చేతిలో బరువెక్కింది. ఆ బరువు నాకు తెలుసు. ఆ బరువుతో ఎట్లా లాగాలో నా భుజాలకు తెలుసు. తల ఎత్తలేదు. ఎత్తితే ఎదురుగా ఎవరున్నారో చూడాల్సి వస్తుంది. పొగ చిక్కబడింది, కళ్లు మండాయి, పొడి నల్లగా రాలుతోంది. అత్త ఊపిరి బుసలు కొడుతోంది. ఒక్క మాట లేదు. నా చేతులు పనికిరాకుండా పోయాక ఆపేశాను.

తాడు ఆగింది. పొగ ఆగలేదు. గాటులో పొడి కుప్ప తనంతట తానే పొగలు కక్కుతోంది.

ఊదకూడదు, అప్పుడే ఊదితే చెదిరిపోతుంది. ఈ సంగతి ఆడవాళ్ల సగంలోదే, మా ఇద్దరికీ వచ్చు. నలిపిన గొర్రెపెంట పొడి పక్కన పోసి, దాని మీదికి నిప్పుకణాన్ని మెల్లగా జార్చాను. అత్త ఎండు బోదగడ్డి, జిల్లేడు దూది కలిపి గూడులా చేసి అందించింది. లోపల పెట్టుకుని, చేతుల మధ్య పట్టుకుని ఊదాను. మొదట దూది నల్లబడింది. తర్వాత మంట లేచింది, నా కనుబొమ్మల దాకా.

కింద మరిది లేచి నిలబడ్డాడు. ఏమీ అడగకుండా ఎద్దుల్ని విప్పాడు.

అత్త చిప్ప పక్కన పెట్టి లేచింది. పెంకులో నిప్పు ఎత్తుకుని, పైట అడ్డం పెట్టుకుని, గట్టు వెంట ఇంటికి నడిచింది. ఆమె ఇంటికి చేరి పొయ్యి ముట్టించాక పక్కింటామె మిద్దె మీద నిలబడి చీర కొంగు ఊపింది. అప్పుడు మరిది గొర్రుకు ఎద్దుల్ని కట్టాడు. నేను వెళ్లి ఇంట్లోంచి బస్తా మోయించుకొచ్చి మూతి విప్పాను.

గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో విత్తనం పోశాను. జడ్డిగం అంటే గొర్రు మీది చెక్కగిన్నె, దాని రంధ్రాల్లోంచి గింజలు గొట్టాల గుండా సాలులోకి పడతాయి. గుప్పిట్లోంచి గింజలు ఒకే తీరుగా వదలాలి. బొబ్బలు చితికిన అరచేయి గింజ గింజకూ మండింది. మరిది ఎద్దుల్ని అదిలిస్తూ మధ్యమధ్యలో వెనక్కి చూశాడు. "వదినా, ఒత్తుగా పడతాండాది, సూసుకో" అన్నాడు ఒకసారి. చూసుకున్నాను. దిగువ చేను నుంచి మొదలుపెట్టాం, పదును అక్కడ ఎక్కువ కాబట్టి. ఎండ వాలే వేళకు గుండ్ల దగ్గరి మిట్టకు చేరాం. అక్కడ గొర్రు పళ్లు పైపైనే గీరాయి, దుమ్ము లేచింది. మరిది ఎద్దుల్ని ఆపి, వంగి, మట్టి పిడికిట పట్టి చూశాడు. పిడికిలి తెరిస్తే జారిపోయింది.

"ఈడికి సాలు వదినా. దీంట్లో పోస్తే సచ్చిపోతాయి."

ఆ మిట్ట అట్లాగే మిగిలింది. బస్తాలో కొంచెం విత్తనం కూడా మిగిలింది.

అత్త సంగటి గంప తలమీద పెట్టుకుని వచ్చింది. మరిది కాళ్లు కడుక్కుని గట్టు మీద కూర్చుని బీడీ తీశాడు. గుండు కింద మా నిప్పు ఇంకా సన్నగా పొగ వదులుతోంది. దానివైపు చూశాడు.

"పెద్దమ్మా, బీడీకి రవ్వంత నిప్పు..."

"కొత్త నిప్పు ఈ పొద్దు బయటికిచ్చేది లేదు. తెలీదా? నీ జేబులో పెట్టె ఉండాది గదా."

"ఉండాది" అన్నాడు. తీయలేదు. బీడీని చెవి వెనక పెట్టుకున్నాడు.

అత్త ముద్దలు పెట్టింది. మరిది మొదటి ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని, ఆగి, నావైపు చూశాడు. నేనూ తిన్నాను. సంగటి అడుగంటి మాడింది, పొగ వాసన వస్తోంది.

అత్త తల ఎత్తలేదు. ముగ్గురం తిన్నాం.